బావిగట్టు మీద గువ్వలు

ఖాదర్ మియా చేతులు కట్టేసిన తాడు బిక్షం బర్రెది. పాలు పితుకుతున్నవాడు మధ్యలోనే లేచి, దాన్నే విప్పుకొని పరుగెత్తుకొచ్చాడు బిక్షం.

బావి చుట్టూ గువ్వలు, పిచ్చుకలు కాళ్లు పైకెత్తి చచ్చిపడి ఉన్నాయి. మిలిటరీ సికింద్రాబాదులో దిగి వారం తిరగలేదు. రజాకార్లు పోతూ పోతూ బావుల్లో విషం కలుపుతున్నారని మెట్టుగూడంతా గుసగుసలు. ఈ బావి దేవకృప పెరటికీ ఖాదర్ మియా పెరటికీ మధ్యన ఉంది. వీధంతా తాగేది దీని నీళ్లే. ఇంకేం కావాలి?

"ఇయ్యాల అందరికన్న ముందు బావికాడికి వచ్చింది ఇతనే," అన్నాడు బిక్షం.

"రోజూ నమాజుకు ముందు కాళ్లు కడుక్కుంట కద బిక్షం. నీకు ఎరుక లేదా? నీ పెండ్లి అంగీ కుట్టినోన్ని."

"గందుకే తొడగంగనే చంకల చినిగింది."

జనం నవ్వారు. చేతులు కట్టేసిన ముసలివాడి ముందు నవ్వు ఎలా వస్తుందో దేవకృపకు అర్థం కాలేదు.

అమీన్ వచ్చాడు. మొన్నటిదాకా నిజాం పోలీసు, ఇప్పుడు కొత్త దొరల మెప్పు కావాలి. అందుకే తొందరలో ఉన్నాడు. "చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా? ఉంటే ఇతన్ని ఇప్పుడే తోల్కపోత."

"నేను చూశాను," అన్నాడు యేసురాజు. ఆయన దేవకృప భర్త, చర్చిలో సంఘపెద్ద. "తెల్లారకముందే మియా బావిలోకి వంగి ఏదో వేశాడు."

దేవకృపకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లవారేసరికి కిటికీ దగ్గర కూర్చునేది తను. మియా కాళ్లు కడుక్కొని వెళ్లిపోవడం చూసింది తను. ఆ వేళ ఈయన గురక పక్కింటికి వినపడుతోంది. మరి ఈ అబద్ధం దేనికి?

బడిలో పాఠాలు చెప్పి వచ్చాక ఆమె బతుకంతా ఆ కిటికీ దగ్గరే. ఎండాకాలం ముంగిస తన పిల్లల్ని వెంటేసుకొని బట్టలుతికే తొట్టి దగ్గరికి నీళ్లకొస్తుంది. వానలు పడగానే గిజిగాళ్లు గడ్డిపోచలు పట్టుకుపోతాయి. చలికి తోకాడించే పిట్టలు ఎక్కడినుంచో దిగుతాయి. "పిట్టల పంతులమ్మా, అన్నం పెడతావా, కాకులకే పెడతావా?" అని వెక్కిరించేవాడు యేసురాజు.

ఆమె చచ్చిన పిట్టల్ని ఒక్కొక్కటే కళ్లతో తడిమింది. గువ్వలు, పిచ్చుకలు, మళ్లీ గువ్వలు. అన్నీ గింజలు తినేవే. జామకొమ్మ మీద పళ్లు తినే పిగిలిపిట్ట కూస్తూనే ఉంది. తొట్టి అంచున పురుగులు పట్టే లకుముకి కూర్చొని ఉంది. పొద్దున ముంగిస కడుపారా తాగి వెళ్లింది. తెల్లారాక తను తొట్టిలో తోడిపోసిన ఈ బావి నీళ్లే కదా అవీ తాగింది.

చేద వేసి నీళ్లు తోడి, అందరూ చూస్తుండగా గడగడా తాగేసింది.

"కృపా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు యేసురాజు.

"విషం నీళ్లలో లేదు. మేతలో ఉంది." వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి గువ్వ మెడ కింది తిత్తి కోసింది. గట్టు మీద గింజలు రాలాయి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఎర్రబియ్యం, నూకలు, అన్నీ కలిసి.

"గిట్ల కలిపి ఎవరు తింటరమ్మా?" అన్నాడు అమీన్.

ఎవరూ తినరు. కాని ఒక్కచోట మాత్రం అలా పోగవుతుంది. చర్చికి వెళ్లే ప్రతి ఇల్లాలూ వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవుడికని తీసిపెడుతుంది. ఆదివారం అన్ని ఇళ్ల పిడికిళ్లూ ఒకే బస్తాలో పడతాయి. ఆ బస్తా దేవకృప ఇంటి వెనక గదిలోనే ఉంటుంది. తాళంచెవి సంఘపెద్ద మొలతాడుకు ఉంటుంది.

బస్తాకు ఎలుకలు పడ్డాయని ఆయన విసుక్కున్నాడు. బజారునుంచి ఎలుకల మందు తెచ్చాడు. ఆ తర్వాత బస్తాను పాస్టరుగారికి పంపించేశానన్నాడు. పంపలేదని ఇప్పుడర్థమైంది. మందు కలిసిందో, కలిసిందని భయమేసిందో, రాత్రి చీకటిమాటున పెరటి గోడ అవతల పారబోశాడు. దేవుడి బియ్యం పాడుచేశాడని సంఘం అంటుందని.

అంతవరకైతే ఆమె క్షమించేది. ఒట్టి తెలివితక్కువ పని అనుకునేది. కాని తన పరువు నిలుపుకోవడానికి పొరుగువాడి మెడ ఉరికి అందించడమా? ఆదివారం ముందు బెంచీలో కూర్చొని, పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదని పదిమందికి చదివి వినిపించే నోటితోనా?

"ఈ పిడికెడు బియ్యం మా ఇంట్లోదే. గోడెక్కి చూడండి, అవతల ఇంకా ఉన్నాయి," అంది. "మందు కలిపినాయన కూడా మా ఇంట్లోనే ఉన్నాడు."

బిక్షం గోడెక్కాడు. దిగేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. వంగి మియా చేతుల ముడి విప్పడం మొదలుపెట్టాడు. బర్రెకు వేసే ముడి, ఒకంతట ఊడలేదు.

"మీ ఇంట్ల అంటే ఎవరమ్మా? పేరు చెప్పు," అన్నాడు అమీన్.

"మా ఇంటాయన."

"పేరు లేకుండ నేనెట్ల తోల్కపోత?"

"కృపా, లోపలికి నడువు," అన్నాడు యేసురాజు పళ్లబిగువున. భార్య భర్త పేరు నోటితో పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె తల్లి నేర్పింది. పెళ్లినాటినుంచి ఆమె పలకలేదు కూడా. ఆ ధైర్యంతోనే ఆయన కదలకుండా నిలబడ్డాడు.

దేవకృప ఖాదర్ మియా మణికట్ల మీద తాడు ఒరిపిడికి లేచిన చర్మం చూసింది. తర్వాత మొగుడి కళ్లలోకి చూసింది.

"యేసురాజు," అంది వీధంతా వినేలా.