పై వరస బస్తాలు

మేనేజరు అర్జునరావు గారూ, మీరు దొంగ శాంపిల్ తీశారు. కంచరపాలెం గొడౌన్లో, పట్టపగలు, అందరి ముందూ. మీ కంపెనీ కోళ్ల దాణాలో ఏ దోషమూ లేదని కాగితం పుట్టించి, పరవాడ గౌరీశ్వరి పెంపకమే చెడ్డదని తేల్చారు. ఆ శాంపిల్ కాగితం మీద సాక్షి సంతకం హమాలీ యూనియన్ సెక్రటరీ ఎల్లాజీది. అంటే నాది.

మీ మీద అరవడం నాకు కొత్త కాదు. ఈసారి మాట గాలికి పోకూడదు. అందుకే రాస్తున్నాను.

ఈ తొంభై ఎనిమిదో సంవత్సరం వానలకి తడిసిన మొక్కజొన్నని వ్యాగన్లలోంచి దించింది మేమే. బస్తా మూతి విప్పితే పచ్చగా, నల్లగా బూజు. ఎత్తితే పొగలా లేచేది. మా ముఠాలో జగ్గయ్యకి వారం పాటు దగ్గు ఆగలేదు. నేను పని ఆపించాను. నా చదువు ఐదో తరగతి. పశువుల ఆసుపత్రి కాంపౌండరుని బతిమాలి ఒక పుస్తకం తెచ్చుకుని కూడబలుక్కుని చదివాను. ఆ బూజు విషమనీ, తింటే కోళ్లకి కాలేయం చెడుతుందనీ అందులో ఉంది. అదే అర్జీలో రాసి మీ టేబుల్ మీద కొట్టాను. రెండు రోజుల్లో ముక్కుగుడ్డలొచ్చాయి. దుమ్ముకి విరుగుడని మనిషికి పూటకో బెల్లం ముక్క వచ్చింది.

"ముక్కులు కట్టుకోని బస్తాలు మోత్తంటే బందిపోటు దొంగల్లాగున్నాం బావా!" అని జగ్గయ్య ఒకటే నవ్వు. నాకు దండ వేశారు. సిగ్గులేకుండా వేయించుకున్నాను.

ఆ బూజు గింజ ఎక్కడికి పోతుందో మాలో ఒక్కడూ అడగలేదు. అర్జీ రాసిన నేనూ అడగలేదు. మా ముక్కుల దాకానే చూసుకున్నాం. గింజ మిషన్లో పడి దాణా అయింది. ఆ బస్తాలు మేమే మోసి గొడౌన్లో వరస మీద వరసగా నెట్టు కట్టాం. అడుగు వరసలన్నీ అవే. మర్నాడు పొడి గింజతో ఆడిన దాణా వాటి మీద పేర్చాం. రెండింటికీ మీరు ఒకే తేదీ చీటీ కుట్టించారు.

నెల తిరక్కుండా గౌరీశ్వరి వచ్చింది. నెట్టు మీద మంచి బస్తాలు పడకముందే దాణా కొనుక్కెళ్లింది. ఆవిడ షెడ్డులో ఆరువందల కోళ్లు. సగం చచ్చాయి. ఒకదాన్ని గోనెసంచిలో తెచ్చి మీ ఆఫీసు మెట్ల మీద పెట్టింది.

"నీలు పాడు సేసీసినానంట, మందెక్కువేసీసినానంట! అదే నీలు మాం తాగతన్నాం, మాకేటీ అవనేదేటి?" అని మీ మీద కేకలేసి నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వు యూనియనోడివి. నీ ముందర తియ్యమను సాంపులు. నువ్వు సరే అంటే నానూ సరే అంతాను."

మీరు ఇనుప గొట్టం పట్టుకుని నెట్టెక్కారు. పై వరసలో ఐదు బస్తాలకి గుచ్చారు. జారిన దాణా బంగారంలా ఉంది. బూజు విషం అన్ని బస్తాల్లో ఒకేలా ఉండదనీ, అన్ని వరసల్లోంచీ తీసి కలిపితేనే పరీక్షకి అర్థమనీ ఆ పుస్తకంలోనే చదివాను. నోరు తెరవబోయాను.

"ఎల్లాజీ, కింది బస్తాలు లాగితే ఈ గేటు మూసేస్తారు. మీవాళ్లు నలభై మంది. నీ ఇష్టం" అన్నారు మీరు నా చెవిలో.

"సరిగ్గానే తీసినారమ్మా" అన్నాను నేను. శాంపిల్ కాగితం మీద సాక్షి సంతకం పెట్టాను.

పరీక్షలో విషం లేదని వచ్చింది. లేబరేటరీని అననే అనను. మనం పంపింది మంచి దాణాయే కదా.

నిన్న గౌరీశ్వరి మళ్లీ వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"తప్పు నాదేనేమో అన్నా. సెడ్డుకి సున్నం కొట్టించీసినాను. మిగిలిన మూడొందలకీ ఆ దాణాయే ఏత్తన్నాను. ఇంకో పది బస్తాలు ఏయించు."

పై వరసలు అప్పటికే అయిపోయాయి. జగ్గయ్య అడుగు వరసలోవి పది తెచ్చి ఆటోలో వేశాడు. దుమ్ము లేచింది. నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడ్డాను. ఆటో వెళ్లిపోయింది.

ఇవాళ పొద్దున్న పరవాడ బస్సెక్కాను. అంతా చెప్పాను. ఆవిడ చేతిలో దాణా చాట ఉంది.

"సంతకం సేసిననాడు నోట్లో ఏటెట్టుకున్నావురా?" అంది. ఇక అన్నా అని పిలవలేదు. షెడ్డులోకి పరుగెత్తి తొట్టి తర్వాత తొట్టి బోర్లించడం మొదలెట్టింది. నేను సాయానికి వంగితే చాటతో నెట్టేసింది.

ఇప్పుడు మీ పని వినండి. ఆ తేదీ చీటీ ఉన్న బస్తా ఒక్కటీ గేటు దాటకూడదు. కొన్నవాళ్లందరికీ మేత ఆపమని ఇవాళే మనిషిని పంపండి. నా సంతకం అబద్ధమని రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను, దాన్ని లేబరేటరీకి చేర్చండి. రేపు పది గంటలకి గౌరీశ్వరి వస్తుంది. నెట్టు విప్పించి, అడుగు బస్తాలు బయటికి లాగించి, గొట్టం ఆవిడ చేతికివ్వండి.