చాప మీద తూకం

ఉద్యోగం చేసిన ముప్పై మూడేళ్లలో ఆయన సినిమా పేజీ తిరగేసింది లేదు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. పొద్దున్నే సంచీలో తూకపురాళ్లు వేసుకుని బయలుదేరితే దుకాణాలన్నీ తిరిగి, కాటాలు పరీక్షించి, సరిగ్గా ఉన్నవాటికి సీలు వేసి, ఇంటికొచ్చేసరికి పేపరు చదివే ఓపిక ఉండేది కాదు. రిటైరయ్యాక ఆ బాకీ అంతా వడ్డీతో సహా తీర్చుకుంటున్నారు. పేపరు రాగానే ముందు చదివేది వెనకున్న సినిమా పేజీ. ఏ హీరో సినిమా ఎందుకు వాయిదా పడింది, ఏ హీరోయిన్ ఏ దర్శకుడితో మాట్లాడటం మానేసింది, అన్నీ కంఠతా వచ్చేశాయి.

“ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎదురింటాయన పేరు కూడా తెలీదు. ఇప్పుడు హీరోయిన్ కుక్కపిల్ల పేరు కూడా తెలుసు ఈయనకి,” అని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

ఆయన రెండో కాలక్షేపం వస్తువులు. కూతురు పుట్టినరోజుకి ఒక స్మార్ట్ వాచీ పంపింది. వేసిన అడుగులు, గుండె కొట్టుకునే వేగం, పడుకున్న గంటలు, అన్నీ చూపిస్తుంది. వేరేవాళ్లయితే చేతికి పెట్టుకుని మురిసిపోయేవారు. ఆయన మాత్రం కుడి జేబులో పది బఠాణీలు వేసుకుని వరండాలో నడిచారు. వంద అడుగులకొక బఠాణీ ఎడమ జేబులోకి. పదో బఠాణీ జేబు మారాక వాచీ చూస్తే వెయ్యీ తొంభై రెండు.

“వెయ్యికి తొంభై రెండు అడుగులు దొంగలెక్క అమ్మా! కాటా అయితే సీలు వేసేవాణ్ణి కాదు,” అన్నారు ఫోన్‌లో కూతురితో.

“నాన్నా, అది మీకు బహుమతి. తనిఖీకి పంపలేదు,” అంది కూతురు.

ఇంట్లో ఇలాంటి మాటలకు నవ్వడం అలవాటైపోయింది. ఆయనా నవ్వేవారు. కానీ లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది. ఆయన చెయ్యి పడితే ఒకప్పుడు బజారు బజారంతా సర్దుకుని నిలబడేది. ఇప్పుడది ముసలాయన చాదస్తం.

అసలు కథకు కారణం కూడా ఆయనే. ఒకరోజు పొద్దున సినిమా పేజీలో ఒక వార్త పైకి చదివారు. పేరున్న హీరోయిన్ ఒకావిడ నలభై రోజుల్లో పదకొండు కిలోలు తగ్గిందట. పొద్దున ఒక పండు, మధ్యాహ్నం సూపు, సాయంత్రం నాలుగు కీరదోస ముక్కలు. అంతే, ఇంకేమీ ముట్టలేదట.

భార్య ఆ కాగితం కత్తిరించి నడకకి తీసుకెళ్లింది. వాళ్ల అపార్ట్‌మెంట్లో పొద్దున్నే నడిచే బృందానికి నాయకురాలు ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందరూ పెద్ద టీచరుగారని పిలుస్తారు. ఆవిడ ఏదైనా మొదలుపెడితే బడి నడిపినట్టే నడుపుతుంది. సాయంత్రానికల్లా ఆ హీరోయిన్ డైటింగుకి ఇరవై రెండు మంది పేర్లు రాసుకుంది. మర్నాటికి కొత్త గాజు కాటా వచ్చింది. ఎక్కి నిలబడితే ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ప్రతి ఆదివారం కింది హాల్లో తూకం, గోడకున్న తెల్లబోర్డు మీద లెక్క.

“మీరూ చేరండి,” అంది భార్య.

“నేను వార్త చదివేవాణ్ణే. తినకుండా ఉండేవాణ్ణి కాదు,” అన్నారాయన.

మొదటి ఆదివారం అందరి బరువూ రాశారు. రెండో ఆదివారానికి అందరూ తగ్గారు. మూడో ఆదివారం ఇంకా తగ్గారు. బోర్డు ఫొటోలు బృందం ఫోన్లలో తిరిగాయి. వాటికింద చప్పట్లు, పువ్వులు. కింది అంతస్తులో ఉండే రిటైర్డ్ బస్సు కండక్టరైతే ఐదు కిలోలు తగ్గి మొదటి స్థానంలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టరుగారి భార్య మూడు కిలోలు.

ఆయన ఆ ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూశారు. ఇరవై రెండు మందిలో ఒక్కరు కూడా పెరగలేదు. మధ్యలో మూడు రోజులు పెళ్లికి వెళ్లి అన్ని పూటలా కడుపారా తిన్నామని చెప్పిన దంపతులు కూడా తలా రెండు కిలోలు తగ్గారు. పైగా ఎవరు ఎంత లావుంటే వాళ్లు అంత ఎక్కువ తగ్గారు.

“మూడు కిలోలు తగ్గితే నీ ఉంగరం ఎందుకు వదులు కాలేదు?” అని అడిగారు భార్యని.

“ఎప్పుడూ ఏదో ఒక వంక. మీ వాచీ గొడవ అయిపోయింది, ఇప్పుడు నా ఉంగరం మీద పడ్డారా?” అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

 తర్వాతి శనివారం పొద్దున వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. వెళ్లి చూస్తే భార్య గట్టు పట్టుకుని నిలబడి ఉంది, మొహం తెల్లగా పాలిపోయింది.

“ఏం లేదు. కళ్లు తిరిగాయంతే. రాత్రి కీర ముక్కలు కూడా మానేశాను. రేపటికి ఇంకో కిలో తగ్గాలని,” అంది.

ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టి, పాలు వేడిచేసి ఇచ్చారు. ఆదివారం మాత్రం మొదటిసారి ఆవిడ వెంట కిందికి దిగారు. చంకలో పేపరు.

హాలు గుమ్మంలోనే కండక్టరు ఎదురొచ్చాడు. చలవ చొక్కా వేసుకున్నాడు, నడకలోనే పండగుంది.

“చూశారా సార్, ఐదు కిలోలు! ఈరోజు ఆరు కూడా దాటుతుంది. షుగరు మాత్ర కూడా మానేశా. పది రోజులైంది.”

“డాక్టరుగారు మానెయ్యమన్నారా?”

“డాక్టరెందుకు సార్? బోర్డు చెప్తోందిగా!”

 అప్పటిదాకా అది ఉంగరం, పెళ్లి భోజనం, నవ్వుకునే అనుమానం. ఇప్పుడు కాదు.

లోపల తూకం మొదలైంది. కాటా కింద వ్యాయామం చేసే మెత్తటి చాప పరిచి ఉంది, అదీ రెండు మడతలు వేసి.

“ఈ చాప ఎప్పటినుంచి ఉంది టీచరుగారూ?” అని అడిగారు.

“మొదటివారం టైల్స్ మీదే పెట్టాం. కాటా జారుతోందని ఎవరో అంటే రెండోవారం చాప వేశాం. అప్పటికీ కదులుతోందని మొన్న మడత పెట్టాం. ఏం?”

 కండక్టరు కాటా ఎక్కగానే ఆయన ఇస్త్రీ ప్యాంటుతో సహా నేలమీద బోర్లా పడుకుని, చెంప చాపకి ఆనించి, కాటా కిందికి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. భార్య సిగ్గుతో పక్కకి తిరిగింది.

“ఏమిటండీ ఆ పడక? లేవండి,” అంది పెద్ద టీచరుగారు.

ఆయన పడుకునే సినిమా పేజీ ఒకటి లాగి కాటా కిందికి తోశారు. కాగితం దూరలేదు. అంచు దగ్గరే ముడుచుకుపోయింది. అప్పుడు లేచి మోకాళ్లు దులుపుకున్నారు.

“ఈ కాటాకి నాలుగు కాళ్లు. బరువు తెలిసేది ఆ కాళ్లలోనే. మనిషి మోత మొత్తం కాళ్లమీద పడాలి. మెత్తటి చాపలో కాళ్లు దిగబడ్డాయి, కాటా పొట్ట చాపకి ఆనింది. మీ బరువులో కొంత చాప మోస్తోంది. అందుకే లావుగా ఉన్నవాళ్లే ఎక్కువ తగ్గుతున్నారు. చాప మడత పెట్టాక అందరూ ఇంకా తగ్గారు.”

 అందరూ ఒకేసారి మాట్లాడారు.

“మరి టైల్స్ మీద చూపించేదే తప్పేమో?” అంది పెద్ద టీచరుగారు గట్టిగా.

“బావుంది, అలా అడగాలి,” అన్నారాయన. నిజంగానే ఆ ప్రశ్న ఆయనకు నచ్చింది. “లీటరు నీళ్లు కిలో బరువుంటాయి. అది హీరోయిన్ చెప్పినా మారదు, నేను చెప్పినా మారదు.”

మూలనున్న ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా, సీలు తీయనిది, తెప్పించారు. పక్కనే ఉన్న ఖాళీ డబ్బా చూపించి, ఇదొక ముప్పావు కిలో ఉంటుందని ముందే చెప్పారు. కాటాని టైల్స్ మీద పెట్టి నిండు డబ్బా ఎక్కించారు. ఇరవై కిలోల ఏడువందలు. మడతపెట్టిన చాప మీద పెట్టి ఎక్కించారు. పంతొమ్మిది మూడువందలు.

“డబ్బా కూడా డైటింగ్ చేస్తోందా?” అని ఎవరో అన్నారు గానీ ఎవరూ నవ్వలేదు.

కండక్టరు మెల్లగా ముందుకొచ్చి టైల్స్ మీదున్న కాటా ఎక్కాడు. ఎనభై నాలుగు కిలోలు. మొదటివారం ఎంతో ఇప్పుడూ అంతే. దిగి, ఎవరి వంకా చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

“చూడండి ఏం చేశారో! ఇరవై రెండు మంది ఉత్సాహం మీద నీళ్లు పోశారు,” అంది పెద్ద టీచరుగారు. 

ఆయనకి కోపం రాలేదు. దుకాణాల ముందు ఇంతకంటే పెద్ద మాటలు విన్న మనిషి. కాకపోతే ఆ దుకాణదారులు తెలిసి మోసం చేసినవాళ్లు. వీళ్లు తెలియక సంబరపడినవాళ్లు. అందుకే గొంతు తగ్గించి మాట్లాడారు.

“టీచరుగారూ, ఎన్నో ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దారు. పిల్లాడు సంతోషిస్తాడని తప్పు లెక్కకి ఎప్పుడైనా మార్కులు వేశారా?”

ఆవిడ బోర్డు వైపు చూసింది. తర్వాత తనే డస్టరు తీసుకుని, పై గడి నుంచి కింది గడి దాకా ఒక్క అంకె మిగలకుండా తుడిచేసింది. తుడిచి, చాప చుట్టి గోడకి నిలబెట్టి, అందరికంటే ముందు టైల్స్ మీద కాటా ఎక్కింది. తన అసలు బరువు తనే పెద్ద అక్షరాలతో రాసింది. అంత నిబ్బరం చూసి ఆయన మనసులోనే ఆవిడకు దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాత ఆయన భార్య వంతు.

“మూడువారాలు సూపు తాగితే తగ్గింది రెండొందల గ్రాములా!” అని అరిచిందావిడ. “ఆ హీరోయిన్ ఎక్కడుందో చెప్పండి, వెళ్లి ఆవిడ కాటా కింద చాపుందేమో చూసొస్తాను!”

అప్పుడు పగిలింది హాల్లో నవ్వు. ఆవిడ మాత్రం నవ్వుతూనే మొగుడి వైపు చూసింది. పెళ్లైన కొత్తలో ఆయన సీలు పనిముట్లు బల్లమీద పరిచి తుడుస్తుంటే చూసిన చూపు అది.

మర్నాడు పొద్దున్నే ఆయన కండక్టరు తలుపు తట్టారు. తలుపు తీసిన కండక్టరు మొహం ముడుచుకున్నాడు.

“ఇంకేం తూచడానికొచ్చారు సార్?”

“నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లడానికొచ్చాను. ఆ హీరోయిన్ వార్త మొదట చదివింది నేనే. నువ్వు మాత్ర మానడంలో నాక్కూడా వాటా ఉంది. పద.”

 కండక్టరు లోపలికెళ్లి చొక్కా మార్చుకొచ్చాడు.

వీధి చివర చిన్న ఆసుపత్రి. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీసింది. షుగరు బాగా పెరిగింది. ఇంకో పది రోజులు ఇలాగే ఉంటే ఆసుపత్రిలో మంచం వెయ్యాల్సి వచ్చేదని కండక్టర్ని చెడామడా తిట్టి, మాత్రలు మళ్లీ రాసింది. వేళకి తినమంది, కంచంలో సగం కూరగాయలు ఉండాలంది, ఏ పూటా మానొద్దంది. పేపర్లో చదివి మందులు మార్చుకునేవాళ్లు తన దగ్గరికి రావద్దని కూడా అంది.

“అసలు మాత్ర ఎందుకు మానావు?” అని అడిగింది చివర్న. కండక్టరు సిగ్గుపడుతూ చాప సంగతంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ, “ఈ సార్ నేలమీద పడుకుని కనిపెట్టారండీ,” అన్నప్పుడు అతని గొంతులో నిన్నటి కోపం లేదు. తన మనిషి గురించి చెప్పుకున్నట్టే ఉంది.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది.

“మీరు కాటాల ఇన్‌స్పెక్టరా? ఒక సాయం చేస్తారా? మా దగ్గర పసిపిల్లల్ని తూచే కాటా ఒకటుంది. పసిపిల్లలకి మందు బరువుని బట్టే ఇస్తాం. అది సరిగ్గా ఉందో లేదో అని ఈమధ్య నాకు అనుమానంగా ఉంది.”

మంగళవారం ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లారు. కిలో ఉప్పు పొట్లం ఒకటి కాటా మధ్యలో పెట్టారు, తర్వాత ఒక్కొక్క మూలలోనూ పెట్టారు. ఏ మూల పెట్టినా ఒకటే అంకె రావాలి. కిటికీ వైపు మూల అరవై గ్రాములు తక్కువొచ్చింది. వంగి చూస్తే ఒక కాలు బల్ల అంచు దాటి సగం గాల్లో ఉంది. కాటాని లోపలికి జరిపి, కాళ్లకున్న మరలు తిప్పి, కాటా సమంగా ఉందో లేదో చూపే గాజు గొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకి వచ్చేదాకా సర్దారు. మళ్లీ నాలుగు మూలలూ, మధ్యా చూశారు. ఐదుసార్లూ ఒకటే అంకె. బయట బెంచీ మీద పసిబిడ్డతో ఎదురుచూస్తున్న ఒక తల్లిని నర్సు లోపలికి పిలిచింది. కొత్తగా సర్దిన కాటా మీద మొదటి బరువు ఆ బిడ్డదే.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి, తేదీ వేసి సంతకం పెట్టమంది. నెలకోసారి వచ్చి చూడమని కూడా అడిగింది. రిటైరైన నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఒక కాటా పక్కన ఆయన సంతకం పడింది. 

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే లోపల భార్య వాళ్లక్కతో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

“అవునక్కా, ఆసుపత్రికే వెళ్లారు... అయ్యో, ఒంట్లో బాగోక కాదక్కా. పిలిచారు!”