గురక ఆగిన ఇల్లు

మా ఆయన గురక నా కుట్టుమిషన్ చప్పుడును కూడా మింగేసేది. విసుక్కునేదాన్ని గానీ, అది వినబడుతుంటే మనిషి ఉన్నాడని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు భయంగా ఉంది.

ఆయన క్రేన్ నడుపుతాడు. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుందని, దానివల్ల నిద్ర చాలక డ్యూటీలో కునుకు పడుతుందని చెప్పి డాక్టరమ్మ మాస్కులోంచి గాలి ఊదే మిషన్ ఇస్తే, ఏనుగు తొండంలా ఉందని దాన్ని అటకెక్కించి, ముక్కుపుటాలకు అంటించుకునే చిన్న వాల్వులు తెచ్చుకున్నాడు. గాలి లోపలికి తేలిగ్గా వెళ్తుంది, బయటికి వచ్చేటప్పుడు వాల్వు అడ్డుకుంటుంది. ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోకుండా ఉంటుందట. "కొందరికి పనిచేస్తాయి, కొందరికి చేయవు. అవి పెట్టుకుని పడుకున్నప్పుడు మళ్లీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది" అని ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. గురక తగ్గాక మా మహానుభావుడికి ఇంక పరీక్షెందుకు?

ఈ మధ్యాహ్నం చొక్కా చేతి అంచు కుడుతూ ఎందుకో మిషన్ ఆపాను. పక్క గదిలోంచి ఏ అలికిడీ లేదు. వెళ్లి చూస్తే వాల్వులు ముక్కుకు బుద్ధిగా అంటుకునే ఉన్నాయి, నోరు మాత్రం తెరుచుకుని ఉంది. వీధి తలుపుకు తాళమేసి దొడ్డి తలుపు తీసిపెట్టినట్టు. ఇంక లోపల ఒత్తిడెక్కడ నిలుస్తుంది? ఛాతీ ఎగసిపడుతోంది కానీ, నోటి దగ్గర చెయ్యి పెడితే గాలి తగల్లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. భుజం పట్టి కుదిపితే, ఒక్కసారిగా గాలి మింగి, కళ్లు తెరవకుండానే అటు తిరిగాడు. కాసేపటికి మళ్లీ అదే.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. క్రేన్ కింద నిలబడి బరువులకు కొక్కెం తగిలించేది వాడే. రోజూ బావతో కలిసే డ్యూటీకి వెళ్తాడు.

"బావ గురక పోయిందటగా అక్కా. పైన కునుకు తీస్తాడేమోనన్న బెంగ తీరింది నాకు," అని నవ్వాడు.

ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ ఆవులించాడు.

"ఇవాళ కొక్కెం కింద నిలబడకురా," అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు.

"మధ్యాహ్నం మీకు ఊపిరి ఆగిందండీ. ఒక్కసారి కాదు."

"గురక రాలేదుగా?"

"ఊపిరే రాకపోతే గురకెక్కడ్నుంచి వస్తుంది?"

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. తమ్ముడి వంక చూసి, తల దించుకుని, సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు.

"ఇవాళ నేను ఎక్కను సార్. నిన్న రాత్రి పైన నాకు కళ్లు మూతలు పడ్డాయి."

తమ్ముడు హెల్మెట్ నేలమీద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నిన్న రాత్రి కొక్కెం కింద ఉన్నది వాడే.