వెనక పేజీ ఇంకు

నేను ఏడో తరగతి దాటలేదు. మా అక్క పియానో సంగీతంలో డాక్టరేట్ చేసింది. ఇంట్లో ఒక్కరి చదువే సాగుతుందని తేలినప్పుడు సాగింది ఆవిడది. నేను జిగురు గిన్నె పట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళుగా గ్రంథాలయం వెనక గదిలో చిరిగిన పుస్తకాలు బాగుచేస్తున్నాను.

అక్క పదకొండేళ్ళు ఒకే పని మీద కూర్చుంది. రెండు వందల ఏళ్ళ నాటి ఒక పియానో రచన. స్వరకర్త చేత్తో రాసిన ప్రతి ఒకటి, అదే ఏడాది అచ్చయిన ప్రతి ఒకటి. రెండింటి ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చుక్కచుక్కా పోల్చింది. నెమ్మదిగా సాగే భాగం చివర్లో, చేతిరాతలో ఒక స్వరం ముందు, ఇంగ్లీషు చిన్న b లా ఉండే ఫ్లాట్ గుర్తు ఉంది. అంటే ఆ స్వరాన్ని కాస్త దించి వాయించాలి. అచ్చులో ఆ గుర్తు లేదు. అచ్చువాడు వదిలేశాడనీ, అప్పట్నించీ లోకమంతా తప్పే వాయిస్తోందనీ అక్క వాదన. ఆ రచనను సరిదిద్ది మళ్ళీ అచ్చు వేయించడానికి ఆవిడ రాసిన వంద పేజీల వ్యాసమూ ఆ ఒక్క గుర్తు మీదే నిలబడింది.

అక్క ఫోటోల్లోనే చూసిన ఆ చేతిరాత అసలు ప్రతిని, అంచులు చిరిగాయని దాచుకున్నవాళ్ళు నా బల్ల మీదికి పంపారు. ఆ కాగితాన్ని దీపానికి అడ్డంగా పట్టాను. అది ఫ్లాట్ కాదు. వెనక పేజీలో బోలు తల, కుడివైపు పైకి కాడ ఉన్న స్వరం ఒకటుంది. దాని ఇంకు ఇవతలికి దిగింది. ఇటునుంచి చూస్తే కాడ ఎడమకి వస్తుంది. అచ్చం ఫ్లాట్. ఫోటోకి వీపు ఉండదు కదా, ఆవిడకెలా తెలుస్తుంది?

చెప్పలేదు. ఆ వారమే తన శిష్యురాలికి నన్ను చూపించి, "మా తమ్ముడు. పుస్తకాలు కుడతాడు, చదవడు," అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుని, కాగితం అతికించి, ఆరబెట్టి పంపేశాను.

నాలుగు నెలలు గడిచాయి. ఈలోపు అక్క చేతులకి వణుకు పట్టుకుంది. తగ్గేది కాదన్నాడు డాక్టరు. చివరి ప్రూఫులు వచ్చిన రోజు వెళితే, పేజీ తిప్పడానికే అవస్థ పడుతోంది. అప్పుడు చెప్పాను. జాలితోనో కసితోనో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"అక్కా, ఆ ఫ్లాట్ ఫ్లాట్ కాదు."

"నువ్వెప్పుడు సంగీత పండితుడివయ్యావురా?"

"సంగీతం సంగతి కాదు, కాగితం సంగతి." పలచటి కాగితం మీద ఆ స్వరం గీసి, వెనక్కి తిప్పి, కిటికీ అద్దానికి ఆనించాను.

చాలాసేపు చూసింది. పియానో ముందు కూర్చుని ఆ చోటు వాయించబోయింది. వేళ్ళు పక్క మెట్ల మీద కూడా పడ్డాయి. మూత వేసేసింది.

"ఎప్పుడు చూశావు?"

"బాగుచేస్తున్నప్పుడు."

"అంటే చలికాలంలో." పియానో మూత మీద చెయ్యి ఆనించింది. "అప్పటికి నా చెయ్యి బాగానే ఉంది కదరా. కూర్చుని మళ్ళీ రాసుకునేదాన్ని."

తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే ఇద్దరికీ బాగుండేది.

"ఆ కుర్చీ లాక్కో. నేను చెప్తాను, నువ్వు రాయి. వ్యాసం మొత్తం తీసేయమందాం. స్వరాలు అచ్చేస్తారు, వాటి ముందు ఒక్క పేరా చాలు."

పదకొండేళ్ళు ఒక్క పేరాకి వచ్చాయి. నా అక్షరాలు గోడ దూకే దొంగల్లా ఉంటాయి, అయినా కుదురుగానే రాశాను. అది వెనక పేజీ ఇంకు మరక అని, కనిపెట్టినది తన తమ్ముడని చెప్పింది. రాశాను.

"చూసిన వెంటనే నాకు తెలియజేశాడు," అంది.

కలం ఆగింది. "అక్కా, అది..."

"రాయరా. చేతికి వణుకు నాకా, నీకా?"

రాశాను. ఆవిడ కాగితం దగ్గరికి వంగి చూసి, "వెంటనేలో సున్నా ఏదిరా?" అంది.

సున్నా పెట్టాను.