సత్తయ్య పోసిన లారీ

దసరాకు ముందు రోజు జోగిపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒడిలోని సంచిని రెండు చేతులతో పట్టుకున్నాను. అందులో పాత చీర ముక్కలో చుట్టిన ఎర్ర కారు ఉంది. అరచేతిలో పట్టేంత కారు. ముడతలు పడిన గుడ్డ కప్పినట్టుండే పైభాగం, ముందు గుండ్రటి రెండు దీపాలు, వెనక ఒక స్టెప్నీ. ఆ కారును వీరలక్ష్మికి ఇచ్చి, ఆమె దగ్గరున్న బొమ్మ లారీని తెచ్చుకోవాలని బయలుదేరాను. బీరంగూడలో ఇంటి తాళం వేసేముందు గ్యాసు ఆపానో లేదో అని సంగారెడ్డి దాకా, వీరలక్ష్మి ఇంట్లో ఉంటుందో లేదో అని అక్కణ్నుంచి జోగిపేట దాకా మనసు కొట్టుకుంటూనే ఉంది.

నేనూ, వీరలక్ష్మీ, నా పెనిమిటి సత్తయ్యా ఒకప్పుడు పటాన్‌చెరులో ఒకే కంపెనీలో పనిచేశాం. పెద్ద కంపెనీ కాదు, రేకుల షెడ్డు. లోహం కరిగించి తలుపు గొళ్లాలు, ఫ్యాను సామాన్లు పోసేవాళ్లు. ఎనభై ఆరు ప్రాంతంలో విదేశాల నుంచి ఒక ఆర్డరు వచ్చింది. వెనకటి కాలపు మోటారు బండ్ల నమూనాలు కావాలట. మా ఊళ్లకు బస్సే ఎరుగని రోజుల్లో అక్కడ తిరిగిన కార్లు, లారీలు. వాటిని అక్కడి పెద్దవాళ్లు కొనుక్కుని అద్దాల బీరువాల్లో పెట్టుకుంటారని సూపర్‌వైజరు చెబితే మేం నమ్మలేదు.

సత్తయ్య మిషను మీద ఉండేవాడు. కరిగిన జింకు అచ్చులోకి దూకేది. అచ్చు తెరుచుకోగానే బండి పొగలు కక్కుతూ, తొడిమ ఉన్న కాయలా, ఒక కాడతో సహా బయటికి వచ్చేది. మిగతావాళ్లు ఆ కాడను సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్లు. సత్తయ్య మాత్రం తొడుగు వేసుకున్న చేత్తో పట్టుకుని ఒక్క మెలిక తిప్పి విరిచేవాడు. సుత్తి దెబ్బకు అంచు పగులుతుందని ఆయన బాధ. ఆ ముక్కలు మా బల్ల మీదికి వచ్చేవి. మేం ఆడవాళ్లం ఆకురాయితో అంచులు నున్నగా రాసి రంగు గదికి పంపేవాళ్లం.

దసరా నాడు మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, సేటు పూజ చేసేవాడు. పూజలో నిలబడిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక మిఠాయి డబ్బా, ఆ ఏడాది కొత్తగా చేసిన బండి ఒకటి పెట్టేవాడు. చాలామంది వాటిని పిల్లలకిచ్చేవాళ్లు. వారం తిరగకముందే చక్రాలు ఊడేవి. నేను దాచాను. ట్రేలలో పరిచే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని, బండి అడుగున ఉన్న ఏడాది అంకె చూసి పాతది ముందు, కొత్తది వెనక వచ్చేటట్టు గోడ అలమరలో వరసగా నిలబెట్టేదాన్ని.

"సర్పంచుకు గూడ గిన్ని కార్లు లేవే. ఇగ నువ్వు పెట్రోలు బంకు పెట్టుకోవాలె" అనేవాడు సత్తయ్య.

తొంభై ఒకటి ఎండాకాలంలో ఆ లారీ వచ్చింది. ఆకుపచ్చ రంగు, వెనక చెక్కల తొట్టి, తలుపులు లేని ముందు సీటు. మొదటి లాటంతా సత్తయ్యే పోశాడు. "పాపం, దీని డ్రైవరు వానల నానుతడే" అని నవ్వాడు. తను చేసిన బండ్లన్నిటిలో అదంటేనే ఆయనకు ఎక్కువ ఇష్టం. "దసరాకు మనింటికొస్తది, సూడు" అన్నాడు.

శ్రావణంలో ఆయనకు కామెర్లు వచ్చాయి. దవాఖానలో ఒక సాయంత్రం టీ తాగాలని ఉందంటే గ్లాసు పట్టుకుని కిందికి దిగాను. నేను మళ్లీ మెట్లెక్కేసరికి మంచం చుట్టూ మనుషులున్నారు.

చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది దాకా పూజలో నిలబడకూడదు. ఆ దసరాకు నేను షెడ్డు గడప తొక్కలేదు. పూజలో నిలబడిన వీరలక్ష్మికి ఆ లారీ దక్కింది. మర్నాడు పనికి పోయి అడిగితే, అది పూజలో ఇచ్చేది, పూజకు రానివాళ్లకు ఇవ్వరన్నారు. మొదటి లాటులో మిగిలినవన్నీ అప్పటికే పెట్టెల్లో సర్ది పంపేశారు. మరుసటి ఏడు అచ్చు మారింది. తర్వాత కొన్నాళ్లకు కంపెనీయే మూతపడింది. బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లం తలా ఒక దిక్కుకు పోయాం. నా అలమరలో తొంభైనాటి ఎర్ర కారుకూ తొంభై రెండునాటి వ్యానుకూ మధ్య ఒక బండి పట్టేంత ఖాళీ అట్లాగే ఉండిపోయింది.

మొన్న కూరగాయల దగ్గర కలిసిన ఎంకమ్మ, మా పాత బల్ల మనిషే, వీరలక్ష్మి కబురు చెప్పింది. "జోగిపేటల్నే ఉన్నదక్కా. ఆ లారీ ఇంక వాళ్ల దేవుని గూట్ల ఉన్నది, నేను సూసిన" అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

వీరలక్ష్మి వాకిట్లో నల్లా దగ్గర పీట వేసుకుని పూజ సామాను తోముతోంది. నన్ను చూసి చింతపండు చేతులతోనే లేచింది.

"ఓ మొగులక్కా! ఒక్కదానివే వచ్చినవా? గింత బక్కగైనవేందే?"

"నువ్వు లావైనవ్ గదా, లెక్క సరిపాయె."

"తిననీకె ఉన్నది, లావు గాకుంట ఏం జేస్త! కూసో, కూసో."

కూర్చోబోతూ ఆమె ముందున్న తాంబాళంలోకి చూశాను. ఇత్తడి దీపాల మధ్య, చింతపండు పులుసులో, లారీ ఒరిగి పడి ఉంది. ఆకుపచ్చ రంగు ఎక్కడా లేదు. నల్లబడిన బూడిద రంగు లోహం. రబ్బరు టైర్లు ఎప్పుడో పోయినట్టున్నాయి, ఉత్త చక్రాలు మిగిలాయి.

"రంగేదే?" అన్నాను.

"మా అత్త ఏటేటా దీపాలతోని దీన్ని గూడ చింతపండు పెట్టి తోమవట్టె. ఇది ఇత్తడి గాదే అంటే ఇంటదా?"

అరుగు మీద గోడకానుకుని కూర్చున్న రాజవ్వ, వీరలక్ష్మి అత్త, అక్కణ్నుంచే అందుకుంది. "దేవుని తాన పెట్టేది తోమకుంట పెడుతరా? మీ కంపెనీ రంగు గట్టిది గాకపోతే నాదా తప్పు?"

లారీని చేతిలోకి తీసుకున్నాను, పైట చెంగుతో తుడిచాను. ఇక చూడటానికేముంది అనుకుంటూనే తిరగేశాను.

అడుగున, తొట్టి అంచు దగ్గర, కాడ విరిచిన చోటు కనిపించింది. సుత్తి దెబ్బ కాదు. బట్ట పిండినట్టు సుడి తిరిగి తెగిన గుర్తు. దాని పక్కన సన్నటి ఆకురాయి గీతలు. రంగు కింద ఇన్నాళ్లూ ఇది దాగి ఉందన్నమాట. రంగు ఎవరో వేశారు, టైర్లు ఎవరో తొడిగారు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది మాత్రం ఆయన పోసిందే. వేడి తగ్గకముందు ఆయన చేతిలోంచి మా బల్ల మీదికి వచ్చినప్పుడు అది అట్లాగే ఉండేది.

సంచిలోంచి ఎర్ర కారు తీసి పీట మీద పెట్టాను. "వీరలక్ష్మీ, ఇది నువ్వు ఉంచుకో. దాన్ని నాకియ్యి."

"గిదంతా ఎందుకక్కా? అన్న చేసిన బండి, నీదే. తీస్కపో."

"ఆగుండ్రి" అంది రాజవ్వ. "నా కొడుకు ఇంక నాగపూర్ దాటలే. బండి రోడ్డు మీదున్నప్పుడు గూట్లకెల్లి బండిని తియ్యద్దు."

వీరలక్ష్మి పెనిమిటి అంజయ్య లారీ డ్రైవరు. వాళ్ల పెళ్లయిన ఏడే ఈ బొమ్మ లారీ ఇంటికొచ్చింది. దసరాకు అంజయ్య ఇంట్లో లేకపోతే, అతని బండికి చెయ్యాల్సిన పూజ దీనికి చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుందట రాజవ్వ.

"ఆయన ఎప్పటికి రోడ్డు మీదనే ఉంటడు గదా అత్తా!"

"ఉంటడు. గందుకే ఇన్నేండ్లు తియ్యలే."

"గీ కారు పెడుదాం గూట్ల" అంటూ వీరలక్ష్మి పీట మీది కారును అత్తకు అందించింది.

రాజవ్వ ఎర్ర కారును అటూ ఇటూ తిప్పి చూసింది. "నా కొడుకు కారు తోల్తడా? ఇదెవని బండి అని దేవుడు పరేషాన్ కాడా?"

ముగ్గురం నవ్వాం. తర్వాత వీరలక్ష్మి నా చెవి దగ్గరికి వంగి, "ముసల్ది జెరసేపైతే కునుకు తీస్తది. సంచిల ఏసుకో అక్కా, నేను సూసుకుంట" అంది.

లారీ ఇంకా నా చేతిలోనే ఉంది. సంచి మూతి తెరిచే ఉంది. బొటనవేలు ఆ మెలిక మీద పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడే మెయిన్ రోడ్డు మీద ఏదో లారీ హారను కొట్టింది. రాజవ్వ నోట్లోని వక్క నమలడం ఆపి, మెడ చాపి, చప్పుడు దూరమయ్యే దాకా విన్నది. అది కొడుకు బండి కాదని ఆమెకూ తెలుసు. అయినా విన్నది. టీ గ్లాసు పట్టుకుని దవాఖాన మెట్లెక్కుతున్నప్పుడు నేనూ అట్లాగే విన్నాను, పైనుంచి ఏ చప్పుడు వస్తుందా అని.

ఎర్ర కారును తీసుకుని సంచిలో పెట్టి, మూతి ముడివేశాను.

"వీరలక్ష్మీ, ఆ చింతపండు ఇటియ్యి. నేను తోముత."

తొట్టి, సీటు, చక్రాలు అన్నీ తోమాను. మెలిక ఉన్న చోట ఉత్త నీళ్లు పోసి వేలితో రాశాను.

"గంత మెల్లగ తోమితే మురికి పోతదా?" అంది రాజవ్వ.

"పోతది అవ్వా."

తుడిచిన లారీని ఆమెకు అందించబోయాను. ఆమె తీసుకోలేదు. "నువ్వే పెట్టు గూట్ల."

"నేను పెట్టచ్చా?"

"నేను పెడ్తలేనా? నాకు మొగడున్నడా?"

దేవుడి పటాల ముందు లారీని నిలబెట్టాను. దాని ముందు సీటులో నీటి చుక్క ఒకటి మిగిలిపోతే కొంగుతో అద్దాను. ఆ డ్రైవరు నానకుండా.

బస్సు దాకా వచ్చిన వీరలక్ష్మి, "ఆయన రాంగనే కబురు చేస్త. అప్పుడు తీస్కపోదువు" అంది.

"వచ్చినంక మల్ల పోతడు గదనే. అక్కన్నే ఉండనీ. వచ్చే దసరాకు తోమనీకె నేనే వస్త, నువ్వు ముట్టకు."

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. గ్యాసు ఆపే ఉంది. ఎర్ర కారును దాని చోట పెట్టాను. పొద్దున తుడిచి పోయిన పక్క ఖాళీలో అప్పుడే సన్నగా దుమ్ము పేరుకుంది. బొటనవేలితో తుడిచాను. వేలికి ఇంకా చింతపండు వాసన వస్తోంది.