రోజుకో పూస

నేను ఒక పూసల దండను. అలాగని మెడలో వేసుకునే రకాన్ని కాదు. నన్ను వేసుకుని ఎవరైనా పెళ్లికి వెళ్తే జనం ముక్కున వేలేసుకుంటారు. నాలో ఒకే ఒక్క ఎర్రపూస, దాని పక్కన కొన్ని గోధుమరంగువి, ఆ తర్వాత పన్నెండు తెల్లవి, మళ్లీ చివరిదాకా గోధుమరంగువే. అన్నీ కలిపి ముప్ఫై రెండు. నా మీద జరగడానికి ఒక బుల్లి రబ్బరు ఉంగరం. ఆడమనిషికి నెల వచ్చిన రోజున ఆ ఉంగరాన్ని ఎర్రపూస మీద పెట్టి, రోజుకో పూస చొప్పున ముందుకు జరుపుకుంటూ పోవాలి. ఉంగరం తెల్లపూసల మీదున్న రోజుల్లో కడుపు నిలిచే అవకాశం ఉన్నట్టు, మిగతా రోజుల్లో దాదాపు లేనట్టు. నాకొచ్చిన విద్య ఇంతే. జాతకాలు చెప్పను, హామీలు ఇవ్వను.

విజయవాడ శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను గుచ్చారు. ఆడవాళ్లు చాపల మీద కూర్చుని, కోడళ్ల గురించీ కూరల ధరల గురించీ చెప్పుకుంటూ గుచ్చేవారు. నన్ను గుచ్చినావిడ కబుర్లలో పడి పదమూడో తెల్లపూస ఎక్కించేసింది. పక్కావిడ చూసి, "ఓసి నీ దుంప తెగ! ఎవరింటికో ఒక రోజు ఎక్కువ పంపించేస్తున్నావే!" అని విరగబడి నవ్వింది. నన్ను గుచ్చినావిడ సణుక్కుంటూ విప్పి మళ్లీ గుచ్చింది. అసలు ఈ పూసలకీ సంసారాలకీ సంబంధమేమిటో చూడాలని నాకు అప్పుడే ఆత్రం మొదలైంది.

నన్ను తయారుచేసింది నిజానికి పిల్లలు ఇక చాలనుకునేవాళ్ల కోసం. తెల్లపూసల రోజుల్లో మొగుడూ పెళ్లాం ఎడంగా ఉండాలన్నమాట. నా మొదటి యజమానురాలు ముగ్గురు పిల్లల తల్లి. ఆవిడ నన్ను అద్దం పక్కన మేకుకి తగిలించి, బహు శ్రద్ధగా రోజూ ఉంగరం జరిపేది. ఆవిడ మొగుడికి మాత్రం నా తెల్లపూసలు కనపడితే ఒళ్లు మండేది. ఒకరోజు ఆవిడ నీళ్లకి వెళ్లగానే, అటూ ఇటూ చూసి, ఉంగరాన్ని ఠక్కున గోధుమరంగులోకి నెట్టేశాడా మహానుభావుడు! అరవడానికి నాకు నోరేదీ? నాలుగోవాడు పుట్టాక ఆవిడ ఆపరేషన్ చేయించుకుని, నన్ను తీసుకెళ్లి ఊరి నర్సు ఎలీసమ్మ గారి బల్ల మీద పడేసింది. "మీ దండ దండగండీ," అంది. దండగైంది నేనా, ఆ మొగుడి బుద్ధా అని నేను అడగలేదు.

ఎలీసమ్మ గారి సొరుగులో కొన్నాళ్లు పడి ఉన్నాక కుమారి వచ్చింది. పూర్తి పేరు వీరకుమారి. కైకలూరు దగ్గర కొల్లేటి పల్లె. పెళ్లై ఆరేళ్లు, కడుపు పండలేదు. ఏలూరులో ఇద్దరికీ పరీక్షలు చేసి, ఏ లోపమూ లేదని చెప్పి పంపేశారట. లోపం లేకపోతే బిడ్డ ఎందుకు లేదో చెప్పేవాళ్లు లేరు. కారణం తెలియని చోట మనిషి తననే కారణం చేసుకుంటుంది కాబోలు, కుమారి తన ఒంటి మీదే అనుమానం పెంచుకుంది. ఎలీసమ్మ గారు నన్ను చేతిలో పెడితే అనుమానంగా తిప్పి తిప్పి చూసింది.

"ఇది పిల్లలొద్దనుకునేవాళ్లకి కదండీ? నాకు కావాలండీ," అంది.

"అయితే తిరగేసి వాడమ్మా. వాళ్లు ఏ రోజులు తప్పించుకుంటారో, నువ్వు ఆ రోజులు తప్పిపోకుండా చూసుకో. నెల మొదటి రోజు ఎర్రపూస. నడిమి తెల్లపూసల దగ్గర మాత్రం మీ ఆయన ఊళ్లో ఉండాలి. అయినా ఒక్క నెలలో అయిపోతుందనుకోకు సుమా. ఏ లోపం లేనివాళ్లలోనే నెలకి నలుగురిలో ఒకరికి నిలిస్తే గొప్ప."

నలుగురిలో ఒకరు! ఈ మాట విన్నప్పుడల్లా మనుషుల మొహాలు చూడటం నాకు సరదా. ఒకావిడ ఆ ఒకరు తనే అనుకుని మురిసిపోతుంది. ఇంకొకావిడ మిగతా ముగ్గురూ తనే అనుకుని కుంగిపోతుంది. కుమారి ఇంటికి వెళ్లేదాకా మొదటి రకంగానే ఉంది. గడప దాటగానే రెండో రకంలోకి దిగింది.

అత్తగారి పేరు పేరంటాలు. ఆవిడ నన్ను చూసి, "ఏంటే అమ్మాయ్, ఆ దండ?" అని అడిగింది. తెల్లపూసల సంగతి అత్తగారికి విప్పి చెప్పడం ఎలా? కుమారికి చెవులు ఎర్రబడ్డాయి. "సంతానం కోసమంట అత్తయ్యా. రోజుకో పూస జరపాలంట," అంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆవిడకి అర్థమైంది వేరు. నన్ను కళ్లకద్దుకుని, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టేసింది. షెడ్డులో పుట్టిన ప్లాస్టిక్ దండని, నాకు సాంబ్రాణి పొగ! మొదట్లో తుమ్మొచ్చినంత పనైంది గానీ, ఆ తర్వాత కొంచెం గర్వంగానే ఉండేది.

కుమారి మొగుడు సూరిబాబు చేపల లారీ డ్రైవరు. కొల్లేటి చేపల్ని మంచులో సర్ది అస్సాం దాకా తోలుకెళ్తాడు. వెళ్లిరావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. అందుకని ఇద్దరూ ఫోనులో నా లెక్కే మాట్లాడుకునేవారు. "తెల్లవి మొదలయ్యాయండీ," అంటుంది ఈవిడ. "నడిమి వాటికల్లా వచ్చేస్తానే," అంటాడు ఆయన. అలా నడిమి తెల్లపూసలకి సరిగ్గా ఇంటికొచ్చి, రెండు రోజులుండి, మళ్లీ బండెక్కేవాడు. దానికోసం లోడ్లు వదులుకున్నాడు, లారీ ఓనరు చేత తిట్లు తిన్నాడు. తోటి డ్రైవర్లు "ఏరా సూరీ, ఈసారి లోడా, వ్రతమా?" అని ఏడిపించేవారట. వాడు నవ్వి ఊరుకునేవాడట.

నెలలు గడుస్తున్నాయి. ఏమీ జరగడం లేదు. కుమారి బయట చేరిన ప్రతిసారీ పెరటి వరండాలో చాప మీద, గోడ వైపు తిరిగి కూర్చునేది. ఆ రోజుల్లో ఆవిడ దేవుడి గూటి దరిదాపులకి రాకూడదు. విడిగా గ్లాసు, విడిగా కంచం. అయిదో రోజున తలకు పోసుకుని, తడి జుట్టుతో వచ్చి, నాకు దణ్ణం పెట్టి, ఉంగరాన్ని తీసి ఎర్రపూస మీద పెట్టేది.

నాకు అంతుపట్టని సంగతి ఒకటుండేది. నా చివరి పూసల దాకా ఉంగరం ఎప్పుడూ రాలేదు. ఇంకా తొమ్మిది పూసలుండగానే మళ్లీ వెనక్కి, ఎర్రదాని దగ్గరికి. మొదటి యజమానురాలి దగ్గర ఇలా కాదే! ఈ ఇంటి నీళ్లలో ఏమైనా ఉందా, ఈ ఇంటి ఆడవాళ్ల నెలలు పొట్టివా అని తెగ ఆలోచించాను. నా లెక్కలో ఎక్కడో చిల్లుంది. అదెక్కడో నాకు కనపడలేదు, వాళ్లకీ కనపడలేదు. దాదాపు ఏడాది ఇలాగే గడిచింది. ఒకరోజు కుమారి నా ముందు నిలబడి, "ఈ నెల చూస్తాను. కాకపోతే ఈ దండని కాలవలో పారేస్తాను. ఇంక నావల్ల కాదు," అని గట్టిగానే అంది. కాలవ సంగతి అలా ఉంచండి, ఆవిడ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

ఆ నెలా దక్కలేదు. కుమారి మళ్లీ చాప మీదకి చేరిన రెండో రోజున, చెరువులో చేపల పట్టుబడి ఆగిపోయి లోడు రద్దయిందని సూరిబాబు అనుకోకుండా ఇంటికొచ్చాడు. మామూలుగా ఆ రోజుల్లో వాడు ఎక్కడో ఒరిస్సా దాటుతుంటాడు. పెళ్లాం వరండాలో ఉండటం చూశాడు. లోపలికొచ్చి నన్ను చూశాడు. మళ్లీ బయటికెళ్లి పెళ్లాన్ని చూశాడు.

"ఏంటే, ఉంగరం ఇంకా పాత చోటే ఉంది? ఎర్రదాని మీద పెట్టలేదా?"

"ఇప్పుడెలా ముట్టుకుంటానండీ? తలకు పోసుకున్నాక పెడతాను."

"ప్రతి నెలా అంతేనా?"

"అంతే మరి. మనకి నెల లెక్క అప్పట్నుంచేగా?"

సూరిబాబు వేళ్లు మడిచి రోజులు లెక్కేశాడు. "అదెలాగే! చేప నీళ్లలోంచి తీసిన దగ్గర్నుంచి నాకు టైము నడుస్తుంది. బండెక్కించాక కాదు," అంటూ ఫోను తీసి ఎలీసమ్మ గారికి కలిపాడు. కుమారి చాప మీదుంది, ఫోను అందివ్వకూడదు కదా. అందుకని స్పీకరు పెట్టి అరుగు మీద ఉంచాడు. అక్కడే పేరంటాలు బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

సంగతంతా విని ఎలీసమ్మ గారు, "అయ్యో నా తల్లీ! నెల కనపడిన మొదటి రోజునే పెట్టమన్నానమ్మా, తలస్నానం రోజున కాదు. నడిమి తెల్లపూస అని నువ్వనుకునే రోజుకి నీకు అసలు వేళ దాటిపోతోంది. ఏడాదిగా మొగుడూ పెళ్లాం బస్సెళ్లిపోయాక స్టాండుకొస్తున్నారు!" అంది. ఆపైన తెల్లపూసల సంగతి కూడా ఆవిడ దాపరికం లేకుండా చెప్పేసింది. కుమారి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సూరిబాబు తాటాకు కప్పు వంక చూస్తూ నిలబడ్డాడు. నాకైతే ఏడాదిగా పట్టి పీడిస్తున్న చిక్కు వీడిపోయి, ప్రాణం లేచొచ్చింది.

పేరంటాలు చేటలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "అంటే, నేను దేవుడి గూట్లో పెట్టబట్టేనా ఇదంతా?" అంది. "శుక్రవారం శుక్రవారం పసుపు రాశానే. ఆ తల్లిని వేడుకున్నానే. నా చేత్తో నేనే అడ్డం పడ్డానంటే!" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. నోరున్న మనిషి, ఊళ్లో ఆవిడతో పెట్టుకోవడానికి అందరూ జంకుతారు. అలాంటి మనిషి పసిపిల్లలా ఏడుస్తుంటే కొడుక్కి కాళ్లూ చేతులూ ఆడలేదు.

కాసేపటికి ఆవిడే లేచింది. కాళ్లు కడుక్కుని, గూట్లోంచి నన్ను తీసి, కుంకుమ తుడిచి, వరండాలోకి తీసుకొచ్చి కోడలి ముందు చెయ్యి చాపింది.

"పట్టుకో."

"అత్తయ్యా, నేను బయటున్నాను కదా! ముట్టుకోకూడదు."

"దేవుడి దగ్గరుంటే ముట్టుకోకూడదు. ఇప్పుడు నా చేతిలో ఉంది. పట్టుకోవే తల్లీ."

నన్ను మధ్యలో పెట్టి ఇద్దరి చేతులూ తగిలాయి. ఆ ఇంట్లో ఆ రోజుల్లో అలా ఎప్పుడూ జరగలేదట. అది రెండో రోజు కాబట్టి ఉంగరం ఎర్రపూస పక్కన ఉండాలి. ఆ లెక్క పేరంటాలే చెప్పింది. అప్పట్నుంచి నా కాపురం కుమారి తలగడ పక్కన.

ఇంక వెంటనే ఇల్లంతా ఉయ్యాలలు కట్టారని చెబితే మీకు బాగుండేది. కానీ లెక్క సరిదిద్దుకుంటే దొరికేది బిడ్డ కాదు, అవకాశం. మొదటి నెల పోయింది. ఈసారి అంతా సరిగ్గానే చేశాం కదా అని కుమారికి దుఃఖం ఎక్కువైంది. రెండో నెల సూరిబాబు వేళకే బయల్దేరాడు గానీ, బరంపురం దగ్గర టైరు పేలి, వచ్చేసరికి తెల్లపూసలు దాటిపోయాయి. అత్తగారు వాణ్ణి పట్టుకుని టైర్లు చూసుకోవద్దా అని కడిగేసింది. వాడు నోరెత్తకుండా అన్నం తిని పడుకున్నాడు. నాకు వాడి మీద జాలేసింది.

మూడో నెల వాడు ముందే వచ్చి, తెల్లపూసలు అయ్యేదాకా ఉండి వెళ్లాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే అత్తా కోడళ్లిద్దరూ నా దగ్గర కూర్చునేవారు. ఎప్పుడూ నెల వచ్చే పూస వచ్చింది. మర్నాడు ఉంగరం దాన్ని దాటింది. ఆ మర్నాడు ఇంకొకటి. ఈ ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత ఎన్నడూ ఉంగరం ఎక్కని పూసల మీదకి అది వస్తుంటే నాకు ఒళ్లు ఝల్లుమంది. పేరంటాలు గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది, గిన్నెల చప్పుడు కూడా చేయనిచ్చేది కాదు. కుమారి ఆశపడటానికి భయపడుతోందని ఆవిడ వేళ్లలోనే తెలిసిపోయేది.

ఒకరోజు పొద్దున్న కుమారి ఉంగరాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఏంటే, జరపలేదే?" అంది అత్తగారు.

"జరపడానికి పూస లేదత్తయ్యా."

పేరంటాలు చెప్పులు కూడా వేసుకోకుండా ఎలీసమ్మ గారి కోసం పరుగెత్తింది. ఆవిడ వచ్చి, పరీక్ష చేసి, కుమారి భుజం తట్టి, "నిలిచిందమ్మా," అంది. అత్తగారు కోడల్ని వాటేసుకుంది. కుమారి మాత్రం ఏడవలేదు, నవ్వలేదు. నన్ను గుప్పెట్లో బిగించి పట్టుకుని ఫోను చేసింది. అవతల ఇంజను రొద, గాలి.

"ఏంటే ఈ టైములో? సిలిగురి దాటుతున్నాను. బాగానే ఉన్నావా?"

"పూసలైపోయాయండీ."

"ఏంటీ?"

"ముప్ఫై రెండూ అయిపోయాయండీ. ఎలీసమ్మ గారు ఇక్కడే ఉన్నారు. నిలిచిందంట."

ఇంజను రొద తగ్గుతూ వచ్చింది.

"ఉండవే," అన్నాడు సూరిబాబు. "బండి పక్కకి తీస్తున్నాను. రోడ్డు కనపట్టం లేదు నాకు."