షేడ్ నంబర్ నూట యాభై రెండు

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూం. అందులో మా తమ్ముడు కాపురం పెట్టాడు. పావుగంటకోసారి పరుగు. నేను పళ్ళు తోముకోకుండా ఆఫీసుకెళ్ళిన రోజులున్నాయి. వాడు పార్టీల్లో డీజే. ఒక పాట పెట్టి అది అయ్యేలోపు వెళ్ళిరావడమే ఉద్యోగమైపోయింది. "నీళ్ళెక్కువ తాగుతున్నానక్కా" అనేవాడు. నా బుద్ధి గడ్డి తిని నమ్మాను.

చివరికి ఆస్పత్రికి లాక్కెళ్తే, మూడు రోజులపాటు ఎన్నిసార్లు వెళ్తున్నాడో, మూత్రం ఎంత వస్తోందో కొలిచి రాయమంది డాక్టరమ్మ. ఆ పని నాన్న మీదేసుకున్నాడు. ఆయన పెయింట్ల షాపులో ముప్పై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నాడు. జగ్గు పట్టుకుని తలుపు దగ్గర కాపలా కాశాడు. "నేనే పారబోస్తా నాన్నా" అని తమ్ముడు ఎంత బతిమాలినా వినలేదు.

నాలుగో రోజు ఆ కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది.

"నూట యాభై రెండు ఏంటండీ? మిల్లీలీటర్లా?"

"షేడ్ నంబరమ్మా." నాన్న సంచిలోంచి షేడ్ కార్డు తీసి బల్ల మీద పరిచాడు. "కొలతదేముంది, ఎప్పుడూ అర టీ కప్పే. రంగే నిలకడగా లేదు. ఇదిగో, శనివారం పార్టీకి ముందు లేత గులాబీ. ఆదివారం పొద్దున ఇటుక రంగు."

నాకు నవ్వాగలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"అది రక్తమండీ" అంది.

నాన్న తమ్ముడి వైపు తిరిగాడు. "డబ్బాలో వెయ్యనిది రంగులోకి రాదురా. ఏం వేశావ్?"

తమ్ముడు తల దించుకుని చెప్పేశాడు. కెటమిన్. పార్టీల్లో ముక్కుతో పీల్చే మత్తుపొడి. మూడేళ్ళ నుంచి. పొత్తికడుపు నొప్పి తెలియకుండా ఉండాలని ఈమధ్య రోజూ పీలుస్తున్నాడట.

"ఆ నొప్పి తెచ్చిందే అది" అంది డాక్టరమ్మ. మూత్రాశయం లోపలంతా పుండై కుంచించుకుపోయిందట. ఇప్పుడే మానితే చాలావరకు కోలుకోవచ్చు. మానకపోతే ఆపరేషన్ చేసి తీసెయ్యాల్సి రావచ్చు. కిడ్నీలకీ ముప్పే.

వరండాలోకి రాగానే నాన్న తిట్లు లంకించుకున్నాడు. "గాడిదలా పెరిగావు, ముక్కు దేనికుందో తెలీదూ..."

"నాన్నా, తర్వాత తిట్టు, వెళ్ళాలి!" అని తమ్ముడు పరిగెత్తాడు.

నాన్న తిడుతూనే వెనకాల వెళ్ళి బాత్రూం తలుపు బయట నిలబడ్డాడు. లోపల కుళాయి ధారగా తిప్పిన చప్పుడు. దాని వెనక సన్నగా మూలుగు.

నాన్న తిట్టడం ఆపాడు.

"కుళాయి కట్టెయ్‌రా" అన్నాడు. "వినపడితే వినపడనీ. నేనే కదా."

చాలాసేపటికి కుళాయి ఆగింది. తమ్ముడు గొంతెత్తి ఏడ్చాడు.